జంగిల్ అంటే ఏ అడవి?

తిరుపతి, చిత్తూరు జిల్లాల స్థానిక వార్తల్లో ‘జంగిల్ క్లియరెన్స్’ అన్న మాట తరచూ తగులుతుంటుంది. కాలువ గట్లు, కాలేజీ మైదానాలు, ప్రభుత్వం పంచిన ఇళ్ల స్థలాలు, రైలు కట్ట పక్క ఖాళీ జాగాలు, శ్మశానాలు, ఎక్కడ ముళ్లకంప పెరిగినా దాన్ని కొట్టించే పనికి ఫైల్లో రాసే పేరు ఇదే. 2024లో అమరావతి రాజధాని ప్రాంతంలో కంప తొలగించే పని పెద్ద ఎత్తున మొదలైనప్పుడు ఈ మాట రాష్ట్రమంతటా వినిపించింది. అదే పత్రిక మరో పేజీలో తలకోన గురించి రాస్తే అక్కడ జంగిల్ అంటే చిక్కటి చెట్లు, జలపాతం, చిరుత. ఒకచోట కొట్టి పారేయాల్సిన కంప, మరోచోట కాపాడుకోవాల్సిన సంపద. అడవిని నరకడానికే టెండరు పిలుస్తున్నారా అని పాఠకులకు అనుమానం రావడంలో వింత లేదు.

క్లుప్తంగా

జంగిల్‌కు మూలం సంస్కృతంలోని ‘జాంగల’. వానలు తక్కువగా పడే, చెట్లు పలచగా ఉండే మెట్టనేలకు అది పేరు. ఫార్సీ, హిందుస్తానీల మీదుగా అదే మాట సాగులో లేని భూమికి పేరైంది. ఇంగ్లీషులోకి వెళ్లాక క్రమంగా దట్టమైన ఉష్ణమండల అరణ్యమైంది. మున్సిపల్, ఇరిగేషన్ ఫైళ్లలోని జంగిల్ రెండో అర్థానికి చెందినది. పర్యాటక ప్రకటనల్లోది మూడోది. చిత్తూరు సీమ నేల మాత్రం మొదటి అర్థానికి దగ్గర. ఈ తేడా ప్రభావం నిఘంటువు దాటి, ఏ భూమిని ఏ ఖాతాలో రాస్తారన్న దాకా వెళ్తుంది.

కాలువ గట్టు మీద జరిగేది

టెండరులో జంగిల్ క్లియరెన్స్ అని రాసిన పనిలో నిజానికి ఏం జరుగుతుందో చూస్తే సగం అనుమానం తీరిపోతుంది. చెరువుకు నీళ్లు తెచ్చే సప్లై కాలువను కొన్నేళ్లు పట్టించుకోకపోతే రెండు గట్ల మీదా సర్కారు తుమ్మ లేస్తుంది. చిల్లకంప అన్నా ఇదే. కొమ్మలు కాలువ మీదికి వంగి, వరదలో కొట్టుకొచ్చిన చెత్తను పట్టుకుని, నీటిని అడ్డగిస్తాయి. జేసీబీ వస్తుంది, లేదా కూలీలు మచ్చుకత్తులతో కొడతారు. కంపను ఒక పక్కకు ఈడ్చి కుప్పలు పోస్తారు. లావు మొద్దులు బొగ్గుల బట్టీకి పోతాయి, మిగతాదానికి నిప్పు పెడతారు.

ఈ చెట్టు మన దేశానిది కాదు. అమెరికా ఖండాలకు చెందిన దీన్ని 19వ శతాబ్దం చివర, 1877 ప్రాంతంలో, పొరుగునే ఉన్న కడప జిల్లా కమలాపురం వైపు వంటచెరకు కోసం నాటించారు. ఎండకు చావదు, చవుడు నేలలోనూ పెరుగుతుంది, మేకలు కాయలు తిని గింజల్ని పెంటికలతో ఊరంతా చల్లుతాయి. నరకడంలో ఒక మెలిక ఉంది. మొదలుకు కాస్త పైన నరికితే మోడు చావదు. తొలకరికి ఒక్క మాను ఉన్నచోట ఐదారు పిలకలు వేసి, మునుపటికన్నా గుబురుగా తయారవుతుంది. వేరుతో పెకలించని జంగిల్ క్లియరెన్స్ కొన్నాళ్లకు ఇంకా చిక్కటి జంగిల్‌ను ఇస్తుంది. అదే కాలువకు మళ్లీ మళ్లీ అదే పనికి బిల్లులు కావడానికి, మిగతా కారణాలేమున్నా, ఈ వృక్షశాస్త్రం కూడా ఒక కారణం.

మామూలుగా ఈ పనికి, అడవికి సంబంధం ఉండదు. పని చేయించేది మున్సిపాలిటీయో, పంచాయతీయో, నీటిపారుదల శాఖో. కానీ గీత ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉండదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయిన తరువాత, దారికి రెండు పక్కలా పొదలు కొట్టేయాలన్న మాట బలంగా వచ్చింది. పొద చాటున చిరుత పొంచి ఉండగలదు కాబట్టి ఆ ఆలోచన సహజమే. అయితే ఆ దారి రక్షిత అడవి గుండా పోతుంది. అక్కడ పొద కొట్టడం కాలువ గట్టు మీద కంప కొట్టడం లాంటిది కాదు. అటవీ, వన్యప్రాణి చట్టాల కింద అనుమతి కావాలి. రెండు పనులకూ వాడుకలో పేరు మాత్రం ఒకటే.

ఆకాశం కనిపించే నేల

ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత కల్పస్థానం మొదటి అధ్యాయంలో దేశం మూడు రకాలన్నారు: జాంగలం, ఆనూపం, సాధారణం. దేశం అంటే ఇక్కడ నేల, నీరు, గాలి కలిసిన ప్రాంతం. జాంగల దేశ వర్ణన ‘పర్యాకాశభూయిష్ఠ’ అని మొదలవుతుంది, అంటే చుట్టూ ఆకాశమే ఎక్కువగా కనిపించే చోటు. నేడు జంగిల్ అనగానే తలలో మెదిలే బొమ్మకు ఇది పూర్తిగా ఎదురు. అరణ్యంలో కనిపించనిదే ఆకాశం.

వర్ణన అక్కడితో ఆగదు. ఎండమావులు, గరుకు ఇసుక, గులకరాళ్లు, పొడిగాలి. కౌజు, పూరేడు లాంటి నేల పిట్టలు తిరిగే చోటు. గట్టి ఒళ్లున్న మనుషులు. చెట్ల జాబితాలో చండ్ర, చిరిమాను, రేగు, తుమికి, ఉసిరి, జమ్మి ఉన్నాయి. భాకరాపేట కనుమ ఎక్కేవారికి, చంద్రగిరి గుట్టల చుట్టూ పశువులు తోలేవారికి ఈ చెట్లలో కొత్తవి పెద్దగా ఉండవు. మరో ఆయుర్వేద గ్రంథకర్త సుశ్రుతుడు ఇంకాస్త సూటిగా చెప్పాడు: ఆకాశంలా చదునైన నేల, అక్కడక్కడా పొట్టి ముళ్లచెట్లు, తక్కువ వాన, తక్కువ నీటి వసతి, వేడిగాలి. దీనికి ఎదురు ఆనూపం. అక్కడ నీటి పట్లు, చిత్తడి, తీగలల్లుకున్న గుబురు చెట్లు, ఏనుగులు, దున్నలు, పందులు. ఇప్పుడు సినిమాలో జంగిల్ అని చూపించే దృశ్యాన్ని చరకుడికి చూపిస్తే ఆనూపం అని ఉండేవాడు.

వైద్యంలో ఈ విభజన అలంకారానికి పెట్టింది కాదు. జాంగల దేశం వాత పిత్తాలు ఎక్కువగా ఉండే చోటు, ఆనూపం కఫం పెరిగే చోటు. జాంగల మృగాల మాంసం, అంటే జింకల వంటి వాటిది, తేలిగ్గా అరుగుతుందని రోగులకు పెట్టమన్నారు. ఆనూప మృగాల మాంసం బరువన్నారు. తిరుపతి ఎస్వీ కాలేజీతో సహా ఆయుర్వేద విద్యార్థులు ఈ మూడు దేశాల పాఠం ఇప్పటికీ చదువుతారు.

వైద్యం బయట కూడా జాంగలానికి మంచి పేరే ఉంది. రాజు జాంగల దేశంలో, పంటలు బాగా పండే చోట నివాసం ఏర్పరచుకోవాలని మనుస్మృతి ఏడో అధ్యాయం చెబుతుంది. పంట పండే జాంగలం అంటే పొడిగా ఉన్నా సాగుకు పనికొచ్చే నేలే అయ్యుండాలి. అర్థశాస్త్రం వాన లెక్క కట్టేటప్పుడు జాంగల ప్రాంతాలకు 16 ద్రోణాలు (ద్రోణం పాత కొలత), ఆనూపాలకు దానికి ఒకటిన్నర రెట్లు అంటుంది. అంటే వర్షపాతాన్ని బట్టి నేలలను వేరుచేసే కొలమానంగా కూడా ఈ మాట పనిచేసింది. మహాభారతంలో కురుజాంగలం ఒక రాజ్యభాగం పేరు. రాజస్థాన్‌లో ఎడారి అంచున ఉన్న బికనేరు ప్రాంతాన్ని జాంగల దేశం అనేవారు, అక్కడి రాజుల బిరుదుల్లో ‘జంగల్‌ధర్ బాద్‌షా’ ఒకటి. ఎడారి రాజుకు అడవి బిరుదు ఎందుకొచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. మాట పాత అర్థంతోనే ఉంది.

జంగమ, జంగం అన్న మాటలతో దీనికి చుట్టరికం కలిపేవారున్నారు. జంగమ కదలడానికి సంబంధించిన ధాతువు నుంచి వచ్చింది. ఫార్సీలో యుద్ధం అనే జంగ్ కూడా వేరే మాట. పోలిక శబ్దం వరకే.

పన్నుల లెక్కలోకి

ప్రాకృతాల మీదుగా జంగల్ అయి, ఫార్సీలోకి, హిందుస్తానీలోకి వెళ్లేసరికి మాట స్వభావం మారింది. వైద్యుడి మాట రెవెన్యూ మాట అయింది. పన్ను వసూలు చేసేవాడికి నేలలో ఎంత తేమ ఉంది, ఏ దోషం ప్రబలుతుంది అన్నవి అక్కర్లేదు. సాగులో ఉందా లేదా అన్నదే కావాలి. అక్బరు కాలపు వర్గీకరణలో ఏటా దున్నేది పోలజ్, కొన్నాళ్లు వదిలేది పరౌతీ, మూడు నాలుగేళ్లు వదిలింది చాచర్, ఐదేళ్లు లేదా అంతకు మించి వదిలింది బంజర్. ఈ చివరి మాటే తెలుగులో బంజరై, ఇవాళ్టికీ తహసీల్దారు ఆఫీసులో వినిపిస్తుంది.

ఇప్పుడు జంగిల్ ఇంగ్లీషు ముద్రణలో దొరికే తొలి ఉదాహరణల్లో ఒకదాన్ని చూడాలి. అది 1776 నాటిది. వారన్ హేస్టింగ్స్ పురమాయింపుతో పండితులు సంస్కృతంలో కూర్చిన ధర్మశాస్త్ర సంగ్రహాన్ని ఫార్సీలోకి మార్చగా, నథానియెల్ హాల్‌హెడ్ ఆ ఫార్సీ నుంచి ఇంగ్లీషు చేశాడు. అందులో ఐదేళ్లు సాగులేకుండా పడి ఉన్న భూమిని జంగిల్ అంటారని ఉంది. చెట్టు ఊసే లేదు. బంజరుకు పెట్టిన ఐదేళ్ల గడువే ఇక్కడా కనిపించడం గమనించదగ్గది. ఇంగ్లీషువాడి చెవిన పడేసరికి జంగిల్, బంజరు పక్కపక్క మాటలు.

సాగు మానేసిన భూమి ఖాళీగా ఉండదు. మొదట గడ్డి, తరువాత తుప్పలు, ఆ పైన చెట్లు. భూమికి పెట్టిన పేరు దాని మీద పెరిగినదానికి అంటుకోవడానికి ఈ క్రమమే దారి వేసింది. యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన ఆంగ్లో-ఇండియన్ పదకోశం ఈ జారుడును మెట్లు మెట్లుగా గుర్తించింది: ముందు కేవలం సాగులేని నేల, తరువాత పొదలు, చెట్లు, ఎత్తు గడ్డి కమ్మిన అలాంటి నేల, చివరికి సాగు సంగతి పక్కకు పోయి అడవి. బర్నెల్ తంజావూరులో జడ్జిగా చేసినవాడు, దక్షిణాది కాగితాల భాష బాగా ఎరిగినవాడు.

హిందీలో ‘జంగల్ జానా’ అంటే బహిర్భూమికి పోవడం. ఊరి అంచు దాటితే జంగలే అన్న పాత భావన అందులో చెక్కు చెదరలేదు. మన ఆఫీసుల జంగిల్ క్లియరెన్స్ కూడా ఈ రెండో దశకు చెందినదే. దాన్ని వింత ఇంగ్లీషు అని నవ్వేవారున్నారు గానీ, హాల్‌హెడ్ నాటి అర్థాన్ని ఇంత భద్రంగా దాచుకున్న వాడుకలు ఎక్కువ లేవు.

మంచి నేల జ్వరాల నేల అయిన తీరు

19వ శతాబ్దంలో మాట పూర్తిగా తలకిందులైంది. తెల్లదొరల డాక్టర్లు ‘జంగిల్ ఫీవర్’ అని ఒక పేరు వాడేవారు. తేమ, కుళ్లిన ఆకులు, చెడుగాలి వల్ల వచ్చే జ్వరమని వారి నమ్మకం. నేడు మలేరియా అని తెలిసిన జబ్బే అందులో చాలావరకు. దోమ సంగతి బయటపడింది 1897లో, సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ పరిశోధనతో. అప్పటికే జంగిల్ అంటే రోగాల పుట్ట అన్న ముద్ర గట్టిపడిపోయింది. చరకుడు ఆనూపానికి చెప్పిన లక్షణాలన్నీ జాంగలం నెత్తిన పడ్డాయన్నమాట. ఈ తారుమారును 1980లలో వివరంగా బయటపెట్టినవాడు ఫ్రెంచి మానవశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ జిమ్మర్‌మన్.

చిక్కదనం ఎక్కడి నుంచి వచ్చిందన్నది మరో సంగతి. నిజానికి ముదిరిన వర్షారణ్యంలో నేల మట్టాన పొదలు తక్కువ. పైన కొమ్మలు గొడుగు పట్టడంతో వెలుతురు కిందికి దిగదు, వెలుతురు లేనిచోట తుప్ప ఎదగదు. నడవడానికి వీలుగానే ఉంటుంది. ఎండ పడే చోట్లు, అంటే నది ఒడ్డు, చెట్లు కూలిన జాగా, నరికి వదిలేసిన నేల మాత్రం తీగలతో, పొదలతో కిక్కిరిసిపోతాయి. పడవల మీద ప్రయాణించిన యూరోపియన్లు చూసింది ఒడ్డున గోడలా నిలిచిన ఆ పచ్చదనాన్నే. లోపల కూడా అంతే ఉంటుందనుకున్నారు. వృక్షశాస్త్రం లెక్కన దుర్భేద్యమైన జంగిల్ చాలాసార్లు అడవికి అంచు, లేదా గాయం మానుతున్న అడవి.

ఆ బొమ్మను లోకమంతా పంచినవాటిలో 1894లో వచ్చిన కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ ముందుంటుంది. ఆ కథల్లోని సియోనీ కొండలు నేటి మధ్యప్రదేశ్‌లో ఉన్నాయి. అది టేకు, వెదురు ఉన్న ఆకురాల్చే అడవి, ఎండాకాలం మోడువారే చోటు. అయినా దేశదేశాల పాఠకులు దాన్ని నిత్యం తడిసే పచ్చటి అరణ్యంగానే ఊహించుకున్నారు. తరువాత ఆఫ్రికా, దక్షిణ అమెరికా అడవులకూ అదే పేరు తగిలించారు. ఫ్రెంచి, జర్మన్, రష్యన్, స్పానిష్ భాషలన్నిటా ఏదో ఒక రూపంలో ఈ మాట ఉంది. కాంక్రీటు జంగిల్, జంగిల్ రాజ్ లాంటివి ఈ చివరి అర్థానికి పిల్లలు: దారీ తెన్నూ లేనితనం, బలవంతుడిదే రాజ్యం. 2016లో తొలగించిన ఫ్రాన్సులోని కలే శరణార్థుల శిబిరాన్ని పత్రికలు జంగిల్ అని రాస్తే అవమానకరమన్న విమర్శ వచ్చింది. ఆ పేరుకు మూలం అక్కడ తలదాచుకున్న పష్తో మాట్లాడేవారి ‘జంగల్’ అని చెబుతారు. వారి భాషలో అది ఉత్త చెట్ల తోపు.

పాత అర్థం చెక్కుచెదరని మరో చోటు పక్షులు, జంతువుల ఇంగ్లీషు పేర్లు. జంగిల్ బాబ్లర్ అనే పిట్టలు ఇళ్ల పెరళ్లలో గుంపుగా కిచకిచలాడుతుంటాయి. జంగిల్ బుష్ క్వెయిల్ పొడి గడ్డి నేలల కౌజు. జంగిల్ క్యాట్ తిరిగేది రెల్లు దుబ్బుల్లో, చెరకు తోటల అంచుల్లో. వర్షారణ్యంలో వెతికితే ఇవి దొరకవు.

తెలుగులో ఉన్నవి

తెలుగుకు ఈ మాట అవసరం పెద్దగా లేదు. అడవి ఉంది, కాన ఉంది, అరణ్యం, వనం ఉన్నాయి. పలచనైతే చిట్టడవి, దట్టమైతే కారడవి. కొండల నడుమ లోయ కోన, దాటే దారి కనుమ. సాగు మానేస్తే బీడు. ఇంగ్లీషు జంగిల్ ఒక్క గంపలో వేసినవాటిని తెలుగు ఎప్పుడో విడివిడిగా పేర్లు పెట్టి ఉంచుకుంది. మాట వచ్చిన దారులు మాత్రం మూడు: ఆయుర్వేదంతో జాంగలం, దక్కనీ ఉర్దూతో జంగల్, జంగ్లీ, ఆఫీసు ఇంగ్లీషుతో జంగిల్. మూడూ ఒకే మాట అని వాడేవారికి తట్టదు.

చిత్తూరు మూడు భాషల కూడలి కావడంతో ఇక్కడ ‘కాడు’ అన్న మాటనూ చూడాలి. తమిళంలో కాడు అంటే అడవి, వానాధారపు మెట్టచేను కూడా. సుడుగాడు శ్మశానం. కన్నడంలోనూ కాడు అడవే. తెలుగులో ఇది ప్రధానంగా వల్లకాడులో మిగిలింది. ఒకప్పుడు చిత్తూరు సీమలో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, ఆ ఆర్కాడు పేరులోనూ కాడు ఉంది. అడవి, మెట్టచేను, శ్మశానం, ఈ మూడింటినీ కలిపే దారం ఊరికీ తడి పొలానికీ బయట ఉండటం. జంగల్ ఉత్తరాదిన నడిచిన బాటనే దక్షిణాదిన కాడు తనంతట తాను నడిచింది. ఒకదాన్నుంచి ఒకటి అరువు తెచ్చుకోవాల్సిన పని లేకుండా రెండు భాషా కుటుంబాలు ఒకే చోటికి చేరాయి.

తిట్టుగా మారడం కూడా ఇలాగే జరిగింది. జంగ్లీ అంటే మోటు మనిషి. మన దగ్గర ‘ఆటవిక న్యాయం’ అని రాస్తాం. అర్థశాస్త్రంలో ఆటవికులు రాజు లెక్కలోకి తీసుకోవలసిన బలం. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనం ఆటవిక రాజులను లొంగదీసుకున్నట్టు గొప్పగా చెప్పుకుంటుంది. పన్ను కట్టని నేల బంజరైతే, పన్ను కట్టని మనిషి అనాగరికుడయ్యాడు. ఈ జిల్లాల కొండల చుట్టూ బతికే యానాదుల వంటివారి మీద ఈ మాటల బరువు ఇప్పటికీ ఉంది.

శేషాచలం ఏ లెక్కలోకి వస్తుంది

తిరుమల కొండలను జంగిల్ అనవచ్చా అంటే, ఏ అర్థంలో అని ఎదురడగాలి. సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల శేషాచలం బయోస్ఫియర్ రిజర్వును 2010లో ప్రకటించారు. అందులో ఎక్కువ భాగం ఎండు ఆకురాల్చే అడవి. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. రాతి నేల, పలచటి మట్టి, వేసవి కాక దానికి కావాలి. నీరు పుష్కలంగా దొరికే చోట మాను త్వరగా లావెక్కినా, మార్కెట్‌కు కావలసిన ఎర్రటి చేవ బాగా కట్టదన్నది సాగుదారులు తరచూ చెప్పే మాట. పేరితలాంటి అరుదైన మొక్కలు ఈ కొండల్లోనే ఉన్నాయి. మార్చి, ఏప్రిల్‌లో ఘాటు రోడ్డు మీద వెళ్తూ చూస్తే ఆకులు రాలిన కొమ్మల సందుల్లోంచి ఆకాశం బాగా కనిపిస్తుంది. చరకుడి మొదటి లక్షణం సరిపోయింది.

పూర్తిగా సరిపోయిందనడానికి లేదు. సుశ్రుతుడి జాంగలంలో కొండలు అరుదు. తలకోన దగ్గర నీటి వాలులో చెట్లు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి, గిల్లతీగలు మనిషి నడుమంత లావున చెట్ల మీదికి పాకుతాయి. అది ఆనూపం ముక్క. కొండకు అవతల వాయల్పాడు, పుంగనూరు వైపు దిగితే మళ్లీ రేగు, తుమ్మ, బలుసు ఉన్న పొడి నేల. పలమనేరు, కుప్పం దగ్గరి కౌండిన్య అభయారణ్యం కూడా ఎండు అడవే. అక్కడికి 1980లలో పక్క రాష్ట్రాల నుంచి ఏనుగులు వచ్చి స్థిరపడ్డాయి. ఆయుర్వేదం ప్రకారం ఏనుగు ఆనూప మృగం. అవి చెరకు, అరటి తోటల మీద పడటాన్ని చూస్తే ఆ వర్గీకరణ కొట్టిపారేయదగ్గది కాదనిపిస్తుంది. మొత్తంగా ఈ సీమకు తగిన పాత మాట సాధారణ దేశం: రెండింటి కలగలుపు, జాంగలం వైపు మొగ్గు.

పేరు మారితే ఖాతా మారుతుంది

ఇక్కడి దాకా ఇది భాష సంగతి. ప్రభుత్వ లెక్కల్లోకి వచ్చేసరికి ఫలితాలు బరువైనవి. అటవీ సర్వే సంస్థ ఉపగ్రహ చిత్రాల్లో ఒక హెక్టారు, అంతకు మించిన జాగాలో కొమ్మల నీడ కనీసం 10 శాతం ఉంటే దాన్ని అటవీ విస్తీర్ణంగా లెక్క కడుతుంది. 70 శాతం దాటితే బాగా దట్టం, 40 నుంచి 70 దాకా మధ్యరకం, 10 నుంచి 40 దాకా పలచటి అడవి. 10 శాతం లోపు ఉన్న అటవీ భూమి పొదల నేల, అది అడవి లెక్కలో చేరదు. ఈ లెక్క భూమి ఎవరిదన్నది చూడదు, చెట్టు ఏదన్నదీ చూడదు. కాబట్టి దామలచెరువు వైపు గుబురుగా పెరిగిన మామిడి తోట అటవీ విస్తీర్ణంలోకి రావచ్చు. పక్క గుట్ట మీది కలే, బలుసు, రేగు పొదలు రాకపోవచ్చు. చరకుడి జాంగలంలో పలచనైన భాగమంతా ఈ కొలతబద్ద కింద జారిపోతుంది.

జారిపోయింది ఎక్కడికి వెళ్తుంది? దేశపు బంజరు భూముల పటాల్లో దట్టమైన పొదల నేల, పలచటి పొదల నేల అని వర్గాలు ఉన్నాయి. రెండూ బంజరు కిందే. సౌర విద్యుత్ ప్లాంటుకో, పారిశ్రామికవాడకో స్థలం వెతికేటప్పుడు బంజరు అన్న పేరు ఉన్న భూమి ముందు కనిపిస్తుంది. అదే భూమి గొర్రెల కాపరికి మేత బీడు, కుందేలుకూ నక్కకూ నెమలికీ ఇల్లు. ఊరి రికార్డులో గుట్ట పోరంబోకు అనో, అనాదీనం అనో ఉంటుంది. కొంత డీకేటీ పట్టాగా పేదలకు వెళ్లి ఉంటుంది. ఒకే సర్వే నంబరుకు నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లు, ఒక్కో పేరుకు ఒక్కో భవిష్యత్తు. సాగులేనిదంతా పనికిరానిదే అన్న రెవెన్యూ చూపు రెండు వందల యాభై ఏళ్ల కిందటి హాల్‌హెడ్ అనువాదంలోనే కనిపించి, ఇంకా పనిచేస్తూనే ఉంది. ఈ వ్యవహారంలో అసలు ఇబ్బంది అదే.

అలాగని సర్కారు తుమ్మ నిండిన ప్రతి చోటునూ కాపాడాలనడం కూడా పొరపాటే. నిండా కమ్మిన చిల్లకంప కింద గడ్డి సరిగా మొలవదు, పశువుకు మేత ఉండదు. అక్కడ కొట్టడమే మేలు. రేగు, బలుసు, జమ్మి ఉన్న నేలనూ విదేశీ కంప కమ్మిన నేలనూ టెండరు కాగితం వేరుగా చూడదు. రెంటినీ జంగిల్ అనే రాస్తుంది, జేసీబీ రెంటినీ ఒకేలా ఊడ్చేస్తుంది. పని జాబితాలో కొట్టవలసిన చెట్ల పేర్లు రాస్తే ఈ గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

న్యాయస్థానం కూడా ఈ ప్రశ్నను తాకింది. అటవీ సంరక్షణ చట్టం 1980లో వచ్చింది. అందులోని అడవి అన్న మాటను నిఘంటువులో ఉన్న అర్థంతోనే తీసుకోవాలని, రికార్డులో ఎవరి పేరున ఉన్నా వర్తిస్తుందని గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు చెప్పింది. ఏ భూములు ఆ అర్థంలోకి వస్తాయో గుర్తించడానికి రాష్ట్రాలు నిపుణుల కమిటీలు వేయాలని ఆదేశించింది. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, ప్రధానంగా అడవిగా నోటిఫై అయిన లేదా ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా నమోదైన భూములకు దాన్ని పరిమితం చేసింది. దాన్ని సవాలు చేసిన పిటిషన్ల మీద 2024 ఫిబ్రవరి 19న వచ్చిన మధ్యంతర ఉత్తర్వు, ప్రస్తుతానికి 1996 నాటి అర్థాన్నే పాటించాలని, కమిటీల నివేదికలను కేంద్రం వెబ్‌సైట్‌లో పెట్టాలని చెప్పింది. రికార్డులో గుట్ట పోరంబోకుగా ఉన్న చిట్టడవికి ఇది నేరుగా సంబంధించినది. అలాంటి చోట కంప కొట్టించే ముందు అది నిఘంటువు అర్థంలో అడవి అవునో కాదో తేల్చుకోవలసి ఉంటుంది. కాలువ గట్టుకు, ఇళ్ల లేఅవుటుకు మామూలుగా ఆ అవసరం రాదు.